నర్సింగ్ హోమ్‌లో ఎల్‌పీఎన్ ఉద్యోగం మానకుండా ఆర్‌ఎన్ అవ్వాలంటే దారి ఏది?

మెడ్‌కార్ట్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. అమెరికాలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఎల్‌పీఎన్‌గా (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు) చేస్తున్నాను, ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) అవ్వాలని ఉంది. లాంగ్ టర్మ్ యూనిట్, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11 షిఫ్ట్. గ్రీన్ కార్డ్ ఉంది. ఎనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలూ ఆరేళ్ల కిందట కమ్యూనిటీ కాలేజీలో అయిపోయాయి. మైక్రోబయాలజీ ఇంకా తీసుకోలేదు. ఉద్యోగం మానేసి చదివే పరిస్థితి లేదు.

ఎల్‌పీఎన్‌లని ఆర్‌ఎన్ చేసే బ్రిడ్జి ప్రోగ్రాముల్లో ఏది నమ్మొచ్చు? ఏడీఎన్ (నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీ) సరిపోతుందా, నేరుగా బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ) మేలా? షిఫ్టులూ క్లినికల్సూ (ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్స్) ఎలా సర్దుకోవాలి? పెద్దవాళ్ల దగ్గర చేసిన పని ఎన్‌క్లెక్స్‌లో (నర్సు లైసెన్స్ పరీక్ష) ఎంతవరకు అక్కరకొస్తుంది? "అంతా ఆన్‌లైన్‌లోనే" అనే ప్రకటనలు రోజూ ఫోన్లో కనిపిస్తున్నాయి, వాటి సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

సిలబస్ సార్:

మెడ్‌కార్ట్ గారూ, మైక్రోబయాలజీ కన్నా ముందు కంగారు పడాల్సింది ఆ ఆరేళ్ల నాటి ఎనాటమీ గురించి. సైన్స్ కోర్సులకి చాలా కాలేజీలు గడువు పెడతాయి. కొన్నిచోట్ల 5 ఏళ్లు, కొన్నిచోట్ల 7, కొన్నిచోట్ల 10. గడువే లేనివీ ఉన్నాయి. 7 ఏళ్ల కాలేజీ అయితే మీ చేతిలో ఇంకొక్క ఏడాదే ఉంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు: ఆ 7 ఏళ్లు దరఖాస్తు పెట్టిన రోజుకి లెక్కా, ప్రోగ్రాం మొదలయ్యే రోజుకి లెక్కా అని అడగరు. వెయిటింగ్ లిస్టులో రెండు సెమిస్టర్లు కూర్చుంటే ఈలోపు గడువు దాటిపోతుంది, ఎనాటమీ మొత్తం మళ్లీ ఫీజు కట్టి చదవాలి. ఈ ఒక్క ప్రశ్నా అడ్వైజర్‌కి ఈమెయిల్లో పెట్టి, జవాబు కూడా ఈమెయిల్లోనే తెప్పించుకోండి. ఫోన్లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

మైక్రోబయాలజీ ల్యాబ్‌తో కలిపి సాధారణంగా 4 క్రెడిట్లు. ల్యాబ్ ఆన్‌లైన్‌లో చేస్తే ఒప్పుకోని ప్రోగ్రాములు ఉన్నాయి, రిజిస్టర్ అయ్యేముందే చూసుకోండి. మీది సాయంత్రం షిఫ్ట్ కాబట్టి ఉదయం ల్యాబ్ దొరికితే ఇబ్బంది లేదు. ఇంగ్లిష్ కాంపోజిషన్, జనరల్ సైకాలజీ, డెవలప్‌మెంటల్ సైకాలజీ ఉన్నాయో లేవో పాత ట్రాన్‌స్క్రిప్ట్ తీసి చూడండి. బీఎస్ఎన్‌కి పైన స్టాటిస్టిక్స్ కూడా అడుగుతారు. ఎంట్రన్స్‌గా ఎక్కువచోట్ల టీస్ గానీ హెసీ ఏ2 గానీ ఉంటుంది. టీస్‌లో 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. అందులో 50 సైన్స్‌వే, అందులోనూ ఎనాటమీదే పెద్ద వాటా. మీరు చదివి ఆరేళ్లయింది కాబట్టి దానికి విడిగా సమయం పెట్టుకోండి.

ఇక స్కూల్ ఎంచుకోవడం. ప్రకటన చూసి కాదు, మీ రాష్ట్రం బోర్డ్ ఆఫ్ నర్సింగ్ వెబ్‌సైట్ నుంచి మొదలుపెట్టండి. ఆమోదించిన ప్రోగ్రాముల జాబితా అక్కడ ఉంటుంది, పక్కనే పూర్తి ఆమోదమా, షరతులతోనా, ప్రొబేషనా అని రాసి ఉంటుంది. మొదటి ప్రయత్నంలో ఎన్‌క్లెక్స్ పాసైనవాళ్ల శాతం కూడా అక్కడే చూడొచ్చు. ఒక్క ఏడాది అంకె చూసి మురిసిపోవద్దు, వరసగా మూడు నాలుగేళ్లవి చూడండి. ఇంకో కిటుకు ఉంది. చివరి సెమిస్టర్లో ఎగ్జిట్ పరీక్ష పెట్టి, అది దాటనివాళ్లకి డిగ్రీ ఆపేస్తే పాస్ శాతం దానంతటదే పెరుగుతుంది. అందుకే "ఎంతమంది చేరారు, అందులో ఎంతమంది సకాలంలో బయటపడ్డారు, ఎగ్జిట్ పరీక్ష తప్పితే ఎన్ని అవకాశాలు ఇస్తారు" అని సూటిగా అడగండి. 95 శాతం పాస్ అంటూ బోర్డు పెట్టుకుని, చేరినవాళ్లలో సగం మందిని మధ్యలోనే వదిలించుకునే స్కూల్ మీకెందుకు?

బోర్డు ఆమోదం వేరు, అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకి బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు) వేరు. ఏడీఎన్ ప్రోగ్రాములకి ఏసీఈఎన్ గానీ సీఎన్ఈఏ గానీ అనే సంస్థలు ఇస్తాయి. సీసీఎన్ఈ బీఎస్ఎన్, ఆపై డిగ్రీలకే. అక్రెడిటేషన్ లేకున్నా బోర్డు ఆమోదం ఉంటే ఎన్‌క్లెక్స్ రాయొచ్చు, కానీ తర్వాత ఆర్‌ఎన్ నుంచి బీఎస్ఎన్‌కి వెళ్లేటప్పుడూ, వెటరన్స్ ఆసుపత్రుల్లో ఉద్యోగానికి పెట్టేటప్పుడూ తలుపు మూసుకుంటుంది.

ఆన్‌లైన్ విషయం: థియరీ ఆన్‌లైన్‌లో చదవడంలో తప్పేమీ లేదు. క్లినికల్స్ మాత్రం ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కి చేయాల్సిందే. వేరే రాష్ట్రంలో ఉన్న స్కూల్ అయితే మీరు ఉంటున్న రాష్ట్రం బోర్డు ఆ ప్రోగ్రాంని లైసెన్స్‌కి ఒప్పుకుంటుందా అన్నదే అసలు ప్రశ్న. ప్రతి స్కూల్ వెబ్‌సైట్‌లోనూ "ప్రొఫెషనల్ లైసెన్షర్ డిస్‌క్లోజర్" అని ఒక పేజీ ఉండాలి. అందులో మీ రాష్ట్రం పేరు ఏ గడిలో ఉందో చూడండి. "నిర్ధారించలేదు" అనే గడిలో ఉంటే అక్కడితో ఆపేయండి. ప్రిసెప్టర్‌ని (క్లినికల్స్‌లో పక్కనుండి నేర్పే నర్సు) ఎవరు వెతకాలి అన్నది రెండో ప్రశ్న. "మీరే వెతుక్కోండి" అంటే ప్రసూతి, పిల్లల వార్డుల దగ్గర బండి ఆగిపోతుంది, ఎందుకంటే ఆ యూనిట్లు దగ్గర్లోని కాలేజీల విద్యార్థులకే సరిపోవు.

కాలిఫోర్నియాలో ఎల్‌వీఎన్‌లకి (అక్కడ ఎల్‌పీఎన్‌ని అలా అంటారు) 30 యూనిట్ల దారి అని ఒకటుంది. డిగ్రీ లేకుండానే ఎన్‌క్లెక్స్ రాయనిస్తారు. ఆ లైసెన్స్‌ని మిగతా రాష్ట్రాలు ఒప్పుకోవు అన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడే ఉండిపోతామని గట్టిగా అనుకుంటే తప్ప అటు పోవద్దు. క్లాసుకి వెళ్లకుండా డిగ్రీ ఇస్తామనేవాళ్ల గురించి అయితే రెండో మాటే లేదు. 2023 జనవరిలో ఫ్లోరిడాలో బయటపడ్డ కేసులో 7,600కి పైగా దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మారని ఫెడరల్ అధికారులు ప్రకటించారు. కొన్నవాళ్లలో ఎల్‌పీఎన్‌లూ ఉన్నారు. అలా కొని తెచ్చుకున్న ఆర్‌ఎన్ లైసెన్స్ ఊడిపోవడమే కాదు, న్యాయంగా సంపాదించిన ఎల్‌పీఎన్ లైసెన్స్ మీద కూడా విచారణ పడుతుంది.

మీ పరిస్థితికి ఏడీఎన్ బ్రిడ్జి అని నా అభిప్రాయం. ఒక ట్రాన్సిషన్ కోర్సు చేయించి నేరుగా రెండో ఏడాదిలో కలుపుతారు, ప్రీరెక్విజిట్స్ (ముందే చదవాల్సిన కోర్సులు) అయ్యాక మూడు నాలుగు సెమిస్టర్లలో బయటపడతారు. బీఎస్ఎన్ తర్వాత ఆర్‌ఎన్ జీతంతో, ఆన్‌లైన్‌లో నెమ్మదిగా చేసుకోవచ్చు. న్యూయార్క్‌లో ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి: 2017 చట్టం ప్రకారం కొత్తగా ఆర్‌ఎన్ అయినవాళ్లు 10 ఏళ్లలోపు నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ తెచ్చుకోవాలి.

వారాంతపు డబుల్:

సార్ చదువు సంగతి చెప్పారు, నేను షిఫ్టూ డబ్బూ చెప్తా.

క్లినికల్ రోజులు సాధారణంగా వారానికి రెండు, తెల్లవారి ఆరున్నర ఏడు మధ్య మొదలవుతాయి. ఎక్కువ స్కూళ్లలో ఒకటి రెండు క్లినికల్స్ పోతే ఆ సెమిస్టర్ పోయినట్టే. మీ 3-11 షిఫ్ట్ పైకి సర్దుకున్నట్టే కనిపిస్తుంది గానీ రాత్రి 11కి రిలీవర్ రాకపోతే? కౌంట్ చేయకుండా నార్కోటిక్స్ (మత్తుమందుల) తాళాలు వదిలి వెళ్లలేరు. వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి పుస్తకంలో సంతకం పెట్టాలి. చేతిలో ఒక్క హైడ్రోకోడోన్ మాత్ర తేడా వచ్చినా అది తేలేదాకా కదలడానికి లేదు. రిపోర్ట్ ఇవ్వకుండా వెళ్తే పేషంట్‌ని వదిలేసినట్టు బోర్డు దాకా పోవచ్చు. అలా రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరి, ఐదున్నరకి లేచి, ఏడింటికి ఇన్సులిన్ ఇవ్వడానికి నిలబడితే తప్పు జరిగేది క్లినికల్లోనే. క్లినికల్‌కి ముందు 8 గంటల్లోపు పనిచేయకూడదని నియమం పెట్టిన స్కూళ్లు చాలా ఉన్నాయి. హ్యాండ్‌బుక్ చదవండి.

కాబట్టి క్లినికల్ ముందురోజు షిఫ్ట్ అసలు పెట్టుకోవద్దు. నర్సింగ్ హోముల్లో దీనికి మంచి మార్గం వారాంతం. శని, ఆదివారాలు రెండు 16 గంటల డబుల్స్ చేస్తే 32 గంటలు, చాలాచోట్ల దాన్ని ఫుల్ టైమ్‌గా లెక్కేసి ఇన్సూరెన్స్ ఇస్తారు. కొన్నిచోట్ల బేలర్ అని ఉంటుంది: వారాంతంలో రెండు 12లు చేస్తే ఇంకా ఎక్కువ గంటలకి జీతం. షరతు ఏమిటంటే ఒక్క వారాంతం సెలవు పెట్టినా ఆ అదనం పోతుంది. అడగాల్సిన సమయం సీటు వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టేటప్పుడే. డీఓఎన్‌తో (డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్) మాట్లాడి, షెడ్యూలర్‌కి కాపీ పెట్టి, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏ రోజులు కుదరవో రాసి పంపండి. డీఓఎన్ మారితే నోటిమాట కూడా ఆమెతోనే వెళ్లిపోతుంది. నర్సింగ్ హోముల్లో డీఓఎన్‌లు ఎంత తొందరగా మారతారో మీకు నేను చెప్పాలా!

డబ్బు. యజమాని ఇచ్చే చదువు సాయం ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను లేకుండా తీసుకోవచ్చు, అమెరికా పన్ను చట్టం సెక్షన్ 127 కింద. చాలా కంపెనీలు గ్రేడ్ వచ్చాకే ఇస్తాయి, అంటే ఆ సెమిస్టర్ ఫీజు ముందు మీ జేబులోంచే పోవాలి. ముందే కాలేజీకి కట్టే పద్ధతి ఉందేమో అడగండి. బదులుగా ఇన్నేళ్లు పనిచేస్తానని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. అందులో మూడు విషయాలు చూడండి: లెక్క ఎప్పటి నుంచి మొదలు (డిగ్రీ వచ్చిన రోజా, లైసెన్స్ వచ్చిన రోజా), మధ్యలో మానేస్తే మొత్తం కట్టాలా, చేసిన నెలలు తీసేసి మిగతాదా, వాళ్లే తీసేస్తే కూడా మీరే కట్టాలా.

గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఫాఫ్సా (ఫెడరల్ చదువు సాయానికి దరఖాస్తు) నింపండి. పెల్ గ్రాంట్ 2025-26కి గరిష్ఠంగా 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేదు. కానీ మనవాళ్లకి తగిలే దెబ్బ ఒకటుంది: ఇండియాలో బీఎస్సీ, బీకామ్ లాంటి డిగ్రీ చేసి ఉంటే పెల్ రాదు. విదేశీ బ్యాచిలర్ డిగ్రీ కూడా డిగ్రీయే. దాచి పెల్ తీసుకుంటే తర్వాత కక్కించడమే కాక వేరే చిక్కులూ వస్తాయి. అప్పు మాత్రం డిగ్రీ ఉన్నా తీసుకోవచ్చు.

టైటర్ల బాబాయ్:

చదువూ డబ్బూ కుదిరినా స్కూల్ అడిగే టీకాల కాగితాల దగ్గర సెమిస్టర్ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. హెపటైటిస్ బీ మూడు డోసుల రకం 0, 1, 6 నెలల్లో ఇస్తారు, ఆఖరి డోసు తర్వాత 1-2 నెలలకి టైటర్ (టీకా పనిచేసిందా అని చూసే రక్తపరీక్ష). అంటే ఏడెనిమిది నెలలు. టైటర్ నెగెటివ్ వస్తే మళ్లీ మొదలు. ఫలానా తేదీకి అప్‌లోడ్ చేయమంటే ఎవరు మాత్రం చేయగలరు? హెప్లిసావ్-బీ అయితే నెల తేడాతో రెండే డోసులు, టైమ్ తక్కువ ఉంటే అది అడగండి. టైటర్ ఇప్పుడే చేయించుకోండి, సీటు వచ్చేదాకా ఆగకండి.

టీబీ విషయంలో మనం చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లం, చర్మపరీక్ష ఉబ్బి పాజిటివ్‌లా కనబడే అవకాశం ఉంది. క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష అడగండి, దానికి బీసీజీతో పేచీ లేదు. ఎంఎంఆర్ గానీ చికెన్‌పాక్స్ టీకా గానీ వేయించుకోవాల్సి వస్తే టీబీ పరీక్ష అదే రోజు చేయించండి, లేదా 4 వారాలు ఆగండి. మధ్యలో చేస్తే ఫలితం తప్పుగా నెగెటివ్ రావచ్చు.

కొత్త సభ్యురాలు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా వదిన ఇండియాలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసింది, ఇక్కడ సీఎన్ఏగా (నర్సింగ్ అసిస్టెంట్) చేస్తోంది. తను కూడా ముందు ఎల్‌పీఎన్, తర్వాత బ్రిడ్జి అలా వెళ్లాలా?

సిలబస్ సార్:

అక్కర్లేదమ్మా, అది చుట్టు తిరిగే దారి. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ వాళ్లు అక్కడ రిజిస్టర్డ్ నర్సులు. రాష్ట్రం బోర్డుకి నేరుగా ఆర్‌ఎన్‌కే, ఎండార్స్‌మెంట్ (వేరే రాష్ట్రం లైసెన్స్ చూపించి తీసుకునేది) కాక, పరీక్ష ద్వారా లైసెన్స్‌కి పెట్టాలి. చాలా బోర్డులు విదేశీ చదువుల్ని సరిచూసే సీజీఎఫ్ఎన్ఎస్ (2025 నుంచి ట్రూమెరిట్ అని పేరు మారింది) వాళ్ల సీఈఎస్ రిపోర్ట్ అడుగుతాయి, దానికి నర్సింగ్ స్కూలూ ఇండియాలోని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిలూ కాగితాలు నేరుగా పంపాలి. ఆలస్యం అక్కడే జరుగుతుంది, కాబట్టి ముందు ఆ పని మొదలుపెట్టించండి. థియరీ, క్లినికల్ గంటలు ఒకేసారి జరిగాయా అని పట్టుబట్టే బోర్డులు ఉన్నాయి, కాలిఫోర్నియా అందుకు పేరుపడింది. ఒకచోట లోటు చూపిస్తే వేరే రాష్ట్రం నిబంధన చదవండి. ఏఎన్ఎం చేసినవాళ్లకి మాత్రం ఈ దారి లేదు, వాళ్లకి ఎల్‌పీఎన్ స్థాయే.

మెడ్‌కార్ట్:

సార్, బాబాయ్, డబుల్ గారూ, చాలా థాంక్స్. పెల్ సంగతి నాకు అసలు తెలియదు. ఎన్‌క్లెక్స్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. రోజూ పాతికమందికి మెడ్ పాస్ (మందులివ్వడం), గాయాలు, ఇన్సులిన్లు, పడిపోయినవాళ్ల రిపోర్టులు చూసేవాళ్లకి ఆ పరీక్ష తేలిగ్గా ఉండాలి కదా?

ఎండీఎస్ అక్క:

ఉండాలి. కానీ ఉండదు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు పరీక్ష రూపం. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠం 150, ఐదు గంటలు. అందరికీ కనీసం మూడు కేస్ స్టడీలు వస్తాయి, ఒక్కోదాంట్లో 6 ప్రశ్నలు. ఆ ఆరూ ఒకే వరసలో నడుస్తాయి: గమనించాల్సింది ఏది, దాని అర్థం ఏమిటి, ఏది ముందు, ఏం చేయొచ్చు, ఏం చేస్తావు, చేశాక ఫలించిందా. ఎల్‌పీఎన్‌గా మన పని ఎక్కువగా మొదటి మెట్టు మీదా, ఐదో మెట్టు మీదా ఉంటుంది. గమనించి చెప్తాం, చెప్పింది చేస్తాం. మధ్యలో మూడు మెట్లూ ఆర్‌ఎన్‌వి. పరీక్షలో తగిలేది అక్కడే.

మీ యూనిట్‌లో రోజూ జరిగేదే తీసుకోండి. 84 ఏళ్ల పెద్దావిడ. నిన్న హుషారుగా ఉంది, ఇవాళ మధ్యాహ్నం నుంచి మగతగా ఉంది, సూప్ తాగలేదు, పేరు పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూస్తోంది. టెంపరేచర్ 99.4. నర్సింగ్ హోమ్ అలవాటు ఏమిటి? "జ్వరం లేదు, యూటీఐ (మూత్రంలో ఇన్ఫెక్షన్) అయ్యుంటుంది, యూఏ (మూత్రపరీక్ష) పంపుదాం." ఎన్‌క్లెక్స్ ఈ జవాబు ఒప్పుకోదు, నిజానికి ఆవిడకీ అది మంచిది కాదు. చార్ట్ తీసి చూడాలి: ఆవిడ మామూలు టెంపరేచర్ 97.2. వయసు మళ్లినవాళ్లలో మామూలు కన్నా 2 డిగ్రీల ఫారెన్‌హీట్ మించి పెరిగితే జ్వరం కిందే లెక్క, 100 దాటాల్సిన పనిలేదు. ఒక నిమిషం పూర్తిగా శ్వాస లెక్కపెట్టాలి. 25కి చేరితే నిమోనియా అనుమానం. ఆక్సిజన్, వేలి సూది చక్కెర, కడుపు ఉబ్బిందా, మూత్రం ఆగిందా, విరేచనం ఎప్పుడయింది, ఈ మూడు రోజుల్లో కొత్త మందు ఏదైనా పడిందా. నిద్ర కోసం ఎవరైనా బెనడ్రిల్ రాశారేమో కూడా చూడాలి. గంటల్లో వచ్చి, హెచ్చుతగ్గులు అవుతూ, చెప్పేదాని మీద ధ్యాస నిలపలేని స్థితి డెలిరియం. దాన్ని "డిమెన్షియా ముదిరింది" అని రాసేసి ఊరుకుంటే అసలు జబ్బు దాక్కుంటుంది. మూత్రంలో మంట, నొప్పి లాంటివి లేకుండా యూఏ పంపితే ఈ వయసులో బాక్టీరియా ఎలాగూ కనిపిస్తుంది, యాంటీబయాటిక్ మొదలవుతుంది, నిమోనియా అలాగే ఉంటుంది. ఇదంతా మీకు ఎదురుగా రోజూ జరుగుతున్నదే. దాన్ని ఆ ఆరు మెట్లలో పెట్టి ఆలోచించడం షిఫ్ట్‌లోనే అలవాటు చేసుకోండి. ఎస్‌బార్ (పరిస్థితి ఒక పద్ధతిలో డాక్టర్‌కి చెప్పే) ఫోన్ చేసేముందు "నేనే ఆర్‌ఎన్ అయితే ఏది ముందు అంటాను" అని ఒక ముక్క రాసుకుంటే చాలు.

రెండోది, "సూపర్‌వైజర్‌కి చెప్తాను" అనే జవాబు. ఎల్‌పీఎన్‌కి అది సరైన పని, ఆర్‌ఎన్ పరీక్షలో మాత్రం ఆ సూపర్‌వైజర్ మీరే. ప్రశ్నలో వివరాలు చాలకపోతే ముందు పరీక్షించి చూడాలి. ఆక్సిజన్ 82, పెదాలు నీలం అని ప్రశ్నలోనే ఇచ్చేశాక ఇంకా ఊపిరితిత్తులు వింటాను అంటే తప్పు. తల వైపు ఎత్తి ఆక్సిజన్ పెట్టడమే. ఫోన్ ఆ తర్వాత.

పని అప్పగించే ప్రశ్నలు ఇంకో గొయ్యి. ఫెసిలిటీలో ఎల్‌పీఎన్ దాదాపు అన్నీ చేస్తుంది కాబట్టి పరీక్షలోనూ అన్నీ ఇచ్చేస్తారు మనవాళ్లు. మొదటి అసెస్‌మెంట్, కొత్తగా నేర్పించడం, ఫలితం తూచడం ఆర్‌ఎన్‌వి, వేరేవాళ్లకి ఇవ్వకూడదు. నిలకడగా ఉండి, ఏం జరుగుతుందో ఊహించగలిగిన పేషంట్ ఎల్‌పీఎన్‌కి. ఇప్పుడే బయటి ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి ఎంత బాగున్నట్టు కనిపించినా ఆర్‌ఎన్‌కే. మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్ ఒక్కటే పరీక్షలో 15 నుంచి 21 శాతం, అన్నిటికన్నా పెద్ద భాగం. తేలిగ్గా తీసుకోవద్దు.

మీకు కొట్టినపిండి లాంటివి: వార్ఫరిన్-ఐఎన్ఆర్ (రక్తం పలచబరిచే మందూ, దాని రక్తపరీక్షా), చక్కెర పడిపోవడం, గాయాల స్టేజింగ్, హార్ట్ ఫెయిల్యూర్‌లో రోజుకి 2-3 పౌండ్లు గానీ వారంలో 5 పౌండ్లు గానీ పెరిగితే చెప్పాలనడం, పడిపోకుండా జాగ్రత్తలు. పెద్దగా చదవక్కర్లేదు. లోటు ఉండేది ప్రసూతి, పిల్లలు, రక్తం ఎక్కించడం, ఛెస్ట్ ట్యూబ్, ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష), గుండె రిథమ్‌ల దగ్గర. క్లినికల్స్‌లో ఆ వార్డుకి పంపిన రోజు ఒక మూల నిలబడకుండా చూసేదల్లా చూడండి, మళ్లీ మీకు ఆ అవకాశం రాదు.

లెక్కలు విడిగా చెప్పాలి. బ్రిడ్జిలో చేరగానే డోసేజ్ పరీక్ష పెడతారు, 90 శాతం కొన్నిచోట్ల, నూటికి నూరు కొన్నిచోట్ల. నర్సింగ్ హోమ్‌లో బ్లిస్టర్ ప్యాక్ నుంచి మాత్ర తీసివ్వడమే ఎక్కువ, డ్రిప్ లెక్క మర్చిపోయి ఉంటారు. ఇది చేసి చూడండి: మనిషి బరువు 176 పౌండ్లు, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) కిలోకి గంటకి 18 యూనిట్లు, సంచిలో 250 ఎంఎల్‌లో 25,000 యూనిట్లు. 176ని 2.2తో భాగిస్తే 80 కిలోలు. 80 ఇంటూ 18 అంటే 1,440 యూనిట్లు. ఎంఎల్‌కి 100 యూనిట్లు కాబట్టి పంప్ గంటకి 14.4 ఎంఎల్. పౌండ్లని కిలోలు చేయడం మర్చిపోతే 31.7 వస్తుంది, రెట్టింపుకి పైగా హెపారిన్. పరీక్షలో ఆ 31.7 కూడా ఒక ఆప్షన్‌గా పెట్టి ఉంచుతారు, చూసి "వచ్చేసింది" అనుకుంటాం.

వారాంతపు డబుల్:

అక్కా, ఒక్కటి కలుపుతా. ఎన్‌క్లెక్స్ పెట్టే పియర్సన్ వ్యూలో 200 డాలర్లు కట్టి రిజిస్టర్ అయ్యేటప్పుడు పేరు జాగ్రత్త. మనవాళ్ల పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉండి గ్రీన్ కార్డులో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) పడటం, ఇంటిపేరు ముందూ వెనకా మారడం మామూలే. ఏటీటీలో (పరీక్ష రాయడానికి ఇచ్చే అనుమతి) ఉన్న పేరూ, చేతిలోని ఐడీలో పేరూ ఒకటి కాకపోతే గుమ్మం దగ్గరే తిప్పి పంపేస్తారు, ఫీజు తిరిగి రాదు. స్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్, ఎల్‌పీఎన్ లైసెన్స్, బోర్డు దరఖాస్తు, ఐడీ, నాలుగింటిలోనూ ఒకటే పేరు ఉండేలా ఇప్పట్నుంచే సరిచేయించుకోండి. పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి 45 రోజులు ఆగాలి, అదీ మళ్లీ ఫీజుతో.

మెడ్‌కార్ట్:

నా గ్రీన్ కార్డులో ఎఫ్ఎన్‌యూనే ఉంది! రేపే ఫోన్ చేస్తాను. చివరి ప్రశ్న: పాసయ్యాక ఇక్కడే ఉండొచ్చా, ఆసుపత్రికి వెళ్లక తప్పదా? చదువుతుండగా ఇక్కడ ఐవీ పుష్ (నరంలోకి నేరుగా మందు ఎక్కించడం) లాంటివి చేయనిస్తారా?

ఎండీఎస్ అక్క:

రెండోది ముందు. చేయనిచ్చినా చేయకండి. డ్యూటీలో ఉన్నంతసేపూ మీది ఎల్‌పీఎన్ లైసెన్సే, క్లినికల్లో ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి చేసింది ఇక్కడ చెల్లదు. డిగ్రీ వచ్చి ఏటీటీ కోసం ఎదురుచూసే రోజుల్లో కూడా అంతే. కొన్ని రాష్ట్రాల్లో గ్రాడ్యుయేట్ నర్సుకి తాత్కాలిక పర్మిట్ ఉంది, చేతికి వస్తేనే ఉన్నట్టు.

ఇక్కడే ఉండొచ్చు, ఆర్‌ఎన్‌కి ఇక్కడ గిరాకీ ఎక్కువే. మెడికేర్, మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమాలు) తీసుకునే నర్సింగ్ హోమ్‌లో రోజుకి వరసగా 8 గంటలు, వారంలో ఏడు రోజులూ ఆర్‌ఎన్ ఉండాలన్నది ఎప్పటినుంచో ఉన్న ఫెడరల్ నిబంధన. 24 గంటలూ ఉండాలని 2024లో తెచ్చిన దాన్ని 2025లో టెక్సాస్‌లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది, కాబట్టి ఆ లెక్కతో ఉద్యోగాలు వచ్చిపడతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. వారాంతపు ఆర్‌ఎన్ సూపర్‌వైజర్ కోసం మాత్రం ఎక్కడైనా వెతుకుతూనే ఉంటారు. ఎండీఎస్‌లో (నర్సింగ్ హోమ్‌లో ప్రతి మనిషికీ నింపాల్సిన ఫెడరల్ అసెస్‌మెంట్ ఫారం) సమాచారం ఎల్‌పీఎన్ నింపొచ్చు, అసెస్‌మెంట్ పూర్తయిందని సంతకం పెట్టాల్సింది ఆర్‌ఎన్. పేషంట్ చేరిన 48 గంటల్లో బేస్‌లైన్ కేర్ ప్లాన్, 14 రోజుల్లో పూర్తి అసెస్‌మెంట్, అది ముగిసిన 7 రోజుల్లో కేర్ ప్లాన్. ఈ గడువుల మధ్య పరుగెత్తడం ఇష్టమైతే రాత్రి షిఫ్టులు లేని ఉద్యోగం ఇది. డీఓఎన్ కూడా ఆర్‌ఎన్నే అయి ఉండాలి, బీఎస్ఎన్ ఉండాలని ఫెడరల్ నిబంధన అడగదు. ఆసుపత్రి కావాలంటే మాత్రం కొత్త గ్రాడ్యుయేట్ రెసిడెన్సీలకి లైసెన్స్ వచ్చిన మొదటి ఏడాదిలోనే పెట్టండి. ఆలస్యమైతే కొత్తవాళ్ల కోటాలోకీ రారు, ఎక్యూట్ కేర్ అనుభవం ఉన్నవాళ్ల కోటాలోకీ రారు.

చాలామంది అడగడం మర్చిపోయేది ఇంకోటి. ఆర్‌ఎన్ లైసెన్స్ నంబర్ బోర్డు సైట్‌లో కనిపించాక, అదే ఫెసిలిటీలో పాత ఎల్‌పీఎన్ పోస్టులో, పాత రేటుకే కొన్నాళ్లు చేయమంటారు. ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని తూచేది ఆర్‌ఎన్ ప్రమాణంతో, బ్యాడ్జ్ మీద ఏం రాసి ఉన్నా సరే. ఆర్‌ఎన్ జాబ్ డిస్క్రిప్షన్, కొత్త రేటు, కనీసం కొన్ని షిఫ్టుల ఓరియెంటేషన్ కాగితం మీద చూపించేదాకా ఆర్‌ఎన్‌గా క్లాక్ ఇన్ అవ్వకండి. ఆ రేటు ఎంతో కూడా డబుల్ గారు చెప్పిన ట్యూషన్ ఒప్పందం మీద సంతకం పెట్టేముందే అడగాలి, తర్వాత అడిగితే బేరమాడే వీలుండదు.